ఒకే మందు, ఇంటికో డోసు

"ఒకే ఆపరేషను, ఒకే మాత్ర. ఆయనకేమో రోజుకు నాలుగు మిల్లీగ్రాములు, నాకేమో ఒకటిన్నర. నాకెందుకు తక్కువిస్తున్నారు?" గుండె వాల్వు మార్పించుకున్నోళ్ళున్న ఇళ్ళలో తరచూ వచ్చే అనుమానమిది. మన బొమ్మసంద్రలో మరీ ఎక్కువ. నారాయణ ఆసుపత్రి ఇక్కడే ఉంది కాబట్టి అనంతపురం వాళ్ళూ, బెంగాలు వాళ్ళూ, అస్సాం వాళ్ళూ ఒకే లైన్లో కూర్చుంటారు. చీటీలు పోల్చుకుంటారు.

రక్తం పలచన చేసే మందు అంటాం గానీ, అసిట్రోం అయినా వార్ఫరిన్ అయినా రక్తాన్ని పలచన చెయ్యవు. గడ్డ కట్టడానికి కావాల్సిన విటమిన్ కె పనికి అడ్డం పడతాయి. మందు తక్కువైతే మెటల్ వాల్వు మీద గడ్డ కట్టి, అది మెదడుకు పోయి పక్షవాతం రావచ్చు. ఎక్కువైతే లోపల రక్తం కారుతుంది. వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా అమ్మకానికి వచ్చి, 1954లో మనుషులకు మందయింది.

ఇంత తేడా ఎందుకంటే, పుట్టుకతో వచ్చే జన్యువులే ముఖ్య కారణం. వీకేఓఆర్‌సీ1 అనే జన్యువులో ఒక మార్పు ఉన్నోళ్ళకు కొంచెం మందే చాలు. చైనా, జపాన్ వాళ్ళలో ఎక్కువమందికి ఆ మార్పు ఉంది. యూరప్ వాళ్ళలో అంతకంటే తక్కువ, ఆఫ్రికా మూలాల వాళ్ళలో ఇంకా తక్కువ. మన దక్షిణాది వాళ్ళలోనూ తక్కువే. సింగపూర్‌లో 2006లో చూస్తే, అక్కడి చైనీయులకూ మలయ్‌లకూ కంటే భారతీయులకే ఎక్కువ మందు అవసరమైంది. ఒకే ఊరు, డోసులు మాత్రం వేరు.

మనకు దగ్గరి సంగతి హైదరాబాదు నిమ్స్‌ది. అక్కడి పరిశోధకులు 2012లో మన రోగులకంటూ ఒక లెక్క కట్టారు. జన్యువులతో పాటు తిండిలో ఎంత విటమిన్ కె పోతోందో కూడా కలిపారు. విదేశీ లెక్కల కంటే అది మనోళ్ళ అసలు డోసుకు దగ్గరగా వచ్చింది.

అట్లని "తెలుగోళ్ళకు ఇంత" అని ఒక డోసు లేదు. జాతిని బట్టి తెలిసేది సగటు మాత్రమే. ఒకే ఇంట్లో అన్నకు ఒకటి, తమ్ముడికి నాలుగు పడొచ్చు. పైగా రెండు మందులకూ మిల్లీగ్రాముల లెక్క ఒకటి కాదు. అసిట్రోం ఒక మిల్లీగ్రాము, వార్ఫరిన్ సుమారు రెండింటికి సమానం. అందుకే చీటీలు పోల్చుకోవడం దండగ. చూడాల్సింది ఐఎన్ఆర్ రక్త పరీక్ష ఒక్కటే. మైట్రల్ మెటల్ వాల్వుకు మామూలుగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలంటారు. మీ అంకె ఎంతుండాలో మీ డాక్టర్నే అడగండి.

టెస్టు ఖర్చు కంటే పోయే రోజు కూలీయే మనోళ్ళను ఆపుతోంది. నెలకో పూట పర్మిషన్ ఇస్తే ఏ ఫ్యాక్టరీ మునిగిపోదు, సూపర్‌వైజర్లు వింటే బాగుండు. జయదేవ ఆసుపత్రికి పోయేవాళ్ళకు 2025 ఆగస్టు నుంచి బొమ్మసంద్రలోనే మెట్రో ఎక్కే వీలొచ్చింది. ఆసుపత్రి పేరుతోనే స్టేషనుంది.

పాలకూర, తోటకూర, మునగాకు మానెయ్యక్కర్లేదు. వారానికి ఎంత తింటారో ఎప్పుడూ అంతే తినండి. పండక్కి ఊరెళ్ళి పది రోజులు రోజూ ఆకుకూర పప్పు తింటే అంకె మారిపోతుంది. ఒళ్ళు నొప్పులకు మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, విరేచనాలకు మెట్రోనిడజోల్ అడిగి కొనుక్కోవద్దు. ఈ మందుతో కలిస్తే రెండూ ప్రమాదమే. ఆడవాళ్ళకు నెల తప్పితే ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చెప్పాలి. మొదటి నెలల్లో ఈ మాత్ర కడుపులో బిడ్డకు హాని చేస్తుంది, అలాగని చెప్పకుండా ఆపేస్తే తల్లికి ముప్పు.

చిగుళ్ళ నుంచి రక్తం ఆగకపోయినా, విరేచనం నల్లగా తారులాగా అయినా, తలకు దెబ్బ తగిలినా షిఫ్టు అయ్యేదాకా ఆగొద్దు. మందు చీటీ జేబులో పెట్టుకుని నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి.