గాయానికి కట్టిన నాచు, గాయంలో దూరే బూజు

దూదికన్నా ఎక్కువ నీటిని పీల్చుకునే మొక్క ఒకటుంది. తెలుసా? దాని పేరు స్ఫాగ్నం. చల్లని ప్రాంతాల చిత్తడి నేలల్లో పరుపు పరచినట్లు పెరిగే నాచు మొక్క ఇది. ఎండిన స్ఫాగ్నం తన బరువుకు సుమారు 20 రెట్లు నీటిని పట్టి వుంచగలదు.

ఇదెలా సాధ్యం? దీని ఆకును సూక్ష్మదర్శిని కింద చూస్తే రెండు రకాల కణాలు కనబడతాయి. సన్నని పచ్చని కణాలు ఆహారం తయారుచేస్తాయి. వాటి మధ్యనున్న పెద్ద కణాలు జీవం లేనివి, ఖాళీవి. వాటి గోడలకు రంధ్రాలుంటాయి. నీరు వాటిగుండా చేరి లోపల నిలుస్తుంది. చచ్చిన కణాలే ఈ మొక్కకు నీటికుండలన్నమాట!

1914-18 నాటి మొదటి ప్రపంచ యుద్ధంలో దూది కరువైనప్పుడు, సైనికుల గాయాలకు ఈ నాచుతోనే కట్లు కట్టారు. ఇది రక్తాన్ని, చీమును పీల్చేది. దీనికున్న ఆమ్లగుణం వల్ల బాక్టీరియా సులభంగా పెరగలేదు.

నేడు దీని అవసరం బోన్సాయ్ పెంచేవారికి ఎక్కువ. కొమ్మ చుట్టూ ఉంగరంలా బెరడు తీసి, తడి నాచు పెట్టి, పాలిథిన్ కాగితం చుట్టి కడతారు. కొన్ని వారాలలో అక్కడ వేళ్లు పుడతాయి. ఇదే గాలి అంటు.

మరి ఇందులో ప్రమాదమేమిటి? ఈ నాచులో ఒక్కోసారి స్పోరోత్రిక్స్ అనే శిలీంద్రం వుంటుంది. బాక్టీరియాకు గిట్టని ఆమ్లగుణం దీన్ని ఆపలేదు. నాచులో ఇది దారాల్లాంటి బూజుగా బతుకుతుంది. గీరుకుపోయిన చర్మం గుండా ఒంట్లో చేరితే, అక్కడి వెచ్చదనానికి ఈస్టులాంటి కణాలుగా మారిపోతుంది! కొన్నాళ్లకు, ఒక్కోసారి కొన్ని వారాలకు, అక్కడ నొప్పిలేని చిన్న గడ్డ లేచి పుండవుతుంది. తర్వాత శోషరస నాళాల వెంట చేతిమీద వరుసగా గడ్డలు లేస్తాయి.

1988లో అమెరికాలో 84 మందికి ఈ వ్యాధి సోకింది. వారు నాటిన చెట్ల నారును విస్కాన్సిన్ రాష్ట్రపు స్ఫాగ్నంలో చుట్టి పంపారని తేలింది. మన దేశంలో హిమాలయాల దిగువ ప్రాంతాల్లోనూ ఈ వ్యాధి వుంది. అక్కడ ముళ్లు, మట్టి ద్వారా సోకుతుంది.

భయపడి బోన్సాయ్ మానుకోనక్కరలేదు. పద్ధతి తెలిస్తే చాలు.

నాచు ముట్టుకునే ముందే రబ్బరు తొడుగులు, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. చేతిమీద పుండో, గీతో వుంటే పట్టీ వేసుకోండి. పొడి నాచును చేత్తో నలపవద్దు. దుమ్ము లేచి కంట్లో, ముక్కులో పడుతుంది. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకుని, నాచును మెల్లగా బకెట్టు నీళ్లలో వేసి, బాగా నానాక పిండి వాడండి. అయితే, నానబెడితే దుమ్ము అణుగుతుందే గాని శిలీంద్రం చావదు. కనుక తడి నాచుకైనా తొడుగులు తీయకూడదు. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి.

మానని గడ్డ కనిపిస్తే డాక్టరుకు చూపించి, నాచుతో పనిచేశామని తప్పక చెప్పండి. బాక్టీరియాను చంపే మందులు దీనిమీద పనిచేయవు. శిలీంద్రాన్ని చంపే మందు కొన్ని నెలలు వాడితే నయమవుతుంది. ఆ ఒక్క మాట చెబితే డాక్టరుకు సగం దారి చూపినట్లే!