పూండి ఇంట ఇంద్రధనుస్సు చేపలు: నీటి మర్మం తెలిస్తేనే నిలుస్తాయి

పూండి స్టేషను హౌరా - చెన్నై రైలు మార్గంలో ఉన్నది. ఆ దారికి ఒక కొసన ఉన్న కోల్‌కతా, రెండవ కొసన చెన్నైలో ఉన్న కొళత్తూరు రంగు చేపల పెంపకానికి, అమ్మకానికి దేశంలో పేరుపడ్డ చోట్లు. ప్రాణవాయువు నింపిన ప్లాస్టిక్ సంచులలో బయలుదేరే ఈ చేపలు పట్టణాల దుకాణాలకు, అక్కడి నుండి ఇళ్లలోని అద్దాల తొట్లకు చేరుతాయి.

వీటిలో గోల్డ్ ఫిష్, గప్పీలను ఎరుగనివారు తక్కువ. రెయిన్‌బో చేప, అనగా ఇంద్రధనుస్సు చేప, సంగతి అలా కాదు. దుకాణంలో ఉన్న పిల్ల చేప వెలవెలబోతూ మన చెరువులోని పరిగె పిల్లలా కనిపిస్తుంది. కొనేవాడు దాన్ని దాటి ఎర్రని చేప దగ్గరకు పోతాడు. దీనికి నిండు రంగు రావటానికి ఏడాది వరకు పట్టవచ్చు. ఆ తరువాత మాత్రం ఉదయం వెలుతురు పడగానే మగ చేపలు ఆడవాటి ముందు రెక్కలు విప్పి తిరిగే సొగసు చూసి తీరవలసిందే.

ఈ చేపల పుట్టిల్లు ఆస్ట్రేలియా, న్యూగినీ దీవులలోని ఏర్లు, సరస్సులు. నూటికి పైగా జాతులున్నాయి. వీటిలో ముందు సగం నీలం, వెనుక సగం నారింజ రంగులో ఉండే బోసెమన్ రెయిన్‌బోకు గిరాకీ ఎక్కువ. 1950లలో దీన్ని సేకరించిన డచ్చి శాస్త్రవేత్త పేరే దీనికి పెట్టి, 1980లో కొత్త జాతిగా ప్రకటించారు. పేరు రావటమే దానికి చేటయింది. 1980ల చివరలో ఇండోనేషియాలోని అయమారు సరస్సుల నుండి మగ చేపలను నెలకు వేలకొద్దీ పట్టి ఎగుమతి చేశారు. ఇప్పుడది అంతరించే ప్రమాదమున్న జాతుల పట్టికలో ఉన్నది. నేడు దుకాణాలకు వచ్చేవి చాలావరకు తొట్లలో పుట్టి పెరిగినవే.

రెండు బిందెల లెక్క

ఉద్దానంలో నీటి మాట ఎత్తితే మూత్రపిండాల వ్యాధి గుర్తుకు రాక మానదు. దాని కారణం నేటికీ ఇదమిత్థంగా తేలలేదు. ఇటువంటి చోట చేపల వేడుకకు నీళ్లు పోయటమేమిటని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న సబబైనదే. లెక్క చూస్తే, మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు గల తొట్టిలో సుమారు 100 లీటర్లు పడతాయి. వారానికి నాలుగో వంతు, అనగా రెండు బిందెలు, మార్చితే చాలు. తీసిన నీరు కొబ్బరి మొదలుకు గాని, కూరపాదుకు గాని పోయవచ్చు. మొక్కకు అది ఎరువే.

హిరమండలం జలాశయం నుండి ఉద్దానానికి మంచినీరు తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. శుద్ధి చేసిన కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. మనిషికి రోగం రాకుండా కాపాడే ఆ మందే చేప మొప్పలను దెబ్బతీస్తుంది. కనుక వెడల్పు మూతిగల పాత్రలో ఒక రోజంతా ఉంచి పోయాలి. బావి నీటిలో క్లోరిన్ కలపకపోతే ఆ బెడద లేదు. కాని అందులో ప్రాణవాయువు తక్కువగా ఉండవచ్చు గనుక దాన్ని కూడా ఒక పూట నిలవ ఉంచి, బాగా కలియబెట్టి పోయటం మేలు. సముద్రం దగ్గరే గదా అని ఒడ్డున ఉన్న ఇసుక తెచ్చి పరచరాదు. ఉప్పు దిగుతుంది. కడిగిన ఏటి ఇసుక వాడాలి.

చాలామంది చేసే పొరపాటు మరొకటి ఉన్నది. ఉదయం తొట్టి, సాయంత్రం చేపలు! నీరు తేటగా ఉన్నంత మాత్రాన అది పక్వానికి వచ్చినట్లు కాదు. చేప విసర్జించే మలినం అమ్మోనియాగా మారుతుంది. దాన్ని విరిచే సూక్ష్మజీవులు ఇసుకలోను, వడపోత స్పాంజిలోను స్థిరపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. మొదట రెండు మూడు చేపలు వేసి, నెల తరువాత గుంపును ఆరేడుకు పెంచాలి. ఇవి గుంపుగా తిరిగేవి. ఒంటరిగా ఉంచితే బెదిరిపోతాయి. ఎగిరి దూకే అలవాటు ఉన్నది గనుక మూత తప్పదు. నీటితో కలిపి తొట్టి క్వింటాలు దాటుతుంది. పాత చెక్క బల్ల మీద పెట్టరాదు.

కరెంటు సంగతి ఉద్దానం వారికి వేరే చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను కూల్చినప్పుడు ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకటిలో ఉన్నాయి. గాలి పంపు ఆగితే కిక్కిరిసిన తొట్టిలోని చేపలు ముందుగా చస్తాయి. పలచగా ఉన్నవి ఓర్చుకుంటాయి. ఆ రోజులలో మేత పూర్తిగా ఆపి, గంటకొకసారి చెంబుతో నీరు తీసి ఎత్తు నుండి పోస్తూ ఉండాలి. పెద్ద చేప రెండు మూడు రోజులు మేత లేకున్నా తట్టుకోగలదు.

మేతకు దుకాణపు గుళికలతో పాటు దోమ లార్వాలంటే వీటికి పరమ ప్రీతి. తోటలో పడి ఉన్న కొబ్బరి చిప్పలలో వాన నీరు నిలిచిన చోటల్లా అవి దొరుకుతాయి. లార్వాలను వడకట్టి చేపలకు వేసి చిప్పలు బోర్లిస్తే ఇంటికీ మేలే. చేపల కోసమని చిప్పలలో నీరు నిలవ ఉంచటం మాత్రం పిచ్చిపని.

కొబ్బరి పీచుపై గుడ్లు

రెయిన్‌బో ఒకేసారి కుప్పగా గుడ్లు పెట్టదు. కొన్ని రోజుల పాటు రోజుకు కొన్ని చొప్పున నాచు మొక్కలకు అతికిస్తుంది. మొక్కలు లేకపోతే కొబ్బరి పీచు ఆ పని చేస్తుంది. రంగు దిగిపోయేదాకా పీచును రెండు మూడు సార్లు ఉడకబెట్టి, కడిగి, కట్టగా కట్టి వేలాడదీయాలి. గుడ్లు కనిపించాక ఆ కట్టను వేరే తొట్టిలోకి మార్చాలి. వారం పది రోజులలో వెంట్రుక వంటి పిల్లలు నీటి పైభాగాన తిరుగుతాయి. పచ్చనీటిలోని కంటికి ఆనని జీవులే వాటి తొలి మేత. రెండు జాతులను ఒకే తొట్టిలో ఉంచితే కలిసిపోయి సంకరం పుడుతుంది. ఆ పిల్లలకు అటు రంగూ ఇటు రంగూ సరిగా రావు.

పిల్లలు వందకు చేరాక ఏమి చేయాలన్నది అసలు చిక్కు. ఊరి చెరువులో వదిలేద్దామన్న ఆలోచన సులువుగా తోస్తుంది. మన నీళ్లకు ఇటువంటి అతిథులు కొత్త కాదు. దోమల కోసమని 1928లో దేశానికి తెచ్చిన గంబూసియా, తిండి కోసమని 1952లో తెచ్చిన తిలాపియా చెరువులలో స్థిరపడి సొంత చేపల గుడ్లకు, మేతకు పోటీ అయ్యాయి. తొట్ల నుండి బయటపడ్డ దెయ్యం చేప గట్టి ముళ్లతో వలలు చింపుతున్నది. రెయిన్‌బో మన చెరువులో ఏమి చేస్తుందో పరీక్షించి చూడటానికి ఊరి పరిగెను, ఇంగిలాయిని పణంగా పెట్టనక్కరలేదు. మిగిలిన పిల్లలను తొట్టి ఉన్న మరో ఇంటికి ఇవ్వవచ్చు, దుకాణానికి తిరిగి అమ్మవచ్చు. అదీ కుదరకపోతే పీచు కట్టను గుడ్లతో సహా తీసి ఎండలో ఆరవేయటమే.