యువజన సంఘములు – మతసంస్థలు

మతసంస్థ యేదైనను యువకుని దగ్గఱకు దీయదలచినపుడు సిద్ధాంతముతో నారంభించుట యరుదు. మొదట ఆటస్థలమును జూపును. పట్టణమునకు క్రొత్తగా వచ్చినవానికి గదిని, భోజనమును, సహవాసమును జూపును. ఇది వలయని కొందఱును సేవయని కొందఱును వాదించుచుందురు. ఆ వాదమున బ్రవేశించుటకు ముందు అట్టి సంఘమొకదాని కట్టుబాటును బరిశీలించుట మేలు. చెన్నపట్టణమున నూఱేండ్లకు పైబడి యున్న క్రైస్తవ యువజన సంఘము, అనగా జనులు వై. యం. సి. ఏ. యని పిలుచునది, ఇందుకు దగిన యుదాహరణము.

1844లో లండనునందు జార్జి విలియమ్సు అను బట్టలదుకాణపు ఉద్యోగి తనతోడివారితో గలిసి దీనిని స్థాపించెను. పల్లెలనుండి వచ్చి దుకాణములలో బనిచేయు కుఱ్ఱవాండ్రను ప్రార్థనకును బైబిలు పఠనమునకును జేర్చుటయే తొలి యుద్దేశము. పఠనమందిరము, వ్యాయామశాల పిమ్మట వచ్చినవి. అమెరికాలో ఈ పిమ్మటి భాగమే బాగుగా బెరిగెను. 1891లో స్ప్రింగుఫీల్డునందలి సంఘ శిక్షణాలయమున జేమ్సు నెయిస్మిత్తు చలికాలమున విద్యార్థులు ఇంటిలోపల నాడుకొనుటకై బాస్కెట్‌బాలును గల్పించెను. 1895లో హోలియోకు శాఖలో విలియం మోర్గను వాలీబాలును గల్పించెను. మన పల్లెపాఠశాలలలో సాయంకాలము వాలీబాలాడు పిల్లలలో ఆ యాట యెచట బుట్టినదో యెఱిగినవారెందఱు?

న్యాయవాదికి మాత్రము ఆటలకంటె నియమావళియే యాసక్తికరము. 1869లో పోర్ట్‌లాండు నగరమున గూడిన అమెరికా శాఖల మహాసభ యొక నిర్ణయము చేసెను. ఇవాంజెలికల్ చర్చిలలో సభ్యులైనవారే పూర్తి సభ్యులు. ఓటును, పదవులును వారివే. తక్కినవారు సత్ప్రవర్తన గలవారైనచో అనుబంధ సభ్యులుగా జేరవచ్చును, ఆడవచ్చును, చదువుకొనవచ్చును. సంఘమెటు నడువవలెనో చెప్పుటకు మాత్రము వారికి హక్కు లేదు. ఈ కట్టడి చాలకాలము నిలిచి తరువాత సడలినది. 'అన్ని మతములవారికిని ప్రవేశము గలదు' అను వాక్యమును జదివి మనవారు తృప్తి నొందుదురు. ప్రవేశము వేఱు, అధికారము వేఱు. ఏ మతపు యువజన సంఘమునైనను బరీక్షించుటకు ఈ భేదమే కొలబద్ద.

చెన్నపట్టణ శాఖను 1890లో అమెరికా దేశీయుడైన డేవిడ్ మెకానహీ స్థాపించెను. ఎస్ప్లనేడు వీథిలోని భవనమునకు ఫిలడెల్ఫియా వర్తకుడగు జాన్ వానమేకరు ద్రవ్యమిచ్చెను. 1920లో హ్యారీ బక్కు ఇచ్చట నెలకొల్పిన వ్యాయామ విద్యాలయమునుండి ఎందఱో డ్రిల్లు మాస్టర్లు బయలుదేఱిరి. వారిలో మతము మార్చుకొననివారే యధికులని చెప్పుటకు సందేహింప నక్కఱలేదు. అయినను ఇదే సంఘమున 1895 మొదలు కార్యదర్శిగా బనిచేసిన వి. యస్. అజరయ్య 1909లో తమిళదేశమునుండి నైజాము రాజ్యమందలి దోర్నకల్లుకు మతప్రచారమునకై వచ్చి, తెలుగు నేర్చి, 1912లో అచట బిషప్పయ్యెను. ఆంగ్లికన్ చర్చిలో భారతీయుడు బిషప్పగుట అదియే ప్రథమము. యువజన సంఘము ఆటగాండ్రను మాత్రమే గాక నాయకులను గూడ దయారుచేయునని దీనివలన దెలియుచున్నది.

ఇతరులు దీనిని నిందించుచునే యనుకరించిరి. కొలంబోలో 1898లో బౌద్ధ యువజన సంఘము వెలసెను. అనిబిసెంటమ్మ 1914లో చెన్నపట్టణమునందే భారతీయ యువజన సంఘమును నెలకొల్పెను. వింతయేమనగా 1920లో రోమునందలి కాథలిక్ ధర్మపీఠము గూడ, తన మతస్థులైన యువకుల విశ్వాసము సడలునను భయముచేత, ఈ క్రైస్తవ సంఘమును గూర్చి బిషప్పులను హెచ్చరించెను. తన పిల్లలను ఇతరులు చేరదీసినచో బాధపడనివారు ఏ మతమునను లేరు.

మన చట్టము ఇందెంతవఱకు దోడ్పడును? రాజ్యాంగము 28వ అధికరణము ప్రకారము ప్రభుత్వ గుర్తింపునుగాని ద్రవ్యసహాయమునుగాని పొందు విద్యాసంస్థలో ఎవరును తమ సమ్మతి లేక, బాలురైనచో సంరక్షకుని సమ్మతి లేక, మతబోధకు గాని ప్రార్థనకు గాని హాజరు కావలసిన పనిలేదు. అది విద్యాసంస్థలకు సంబంధించిన రక్షణ. ఆటస్థలము, వేసవి శిబిరము, భజన బృందము విద్యాసంస్థలు గావు. అచట మతబోధ బలవంతముగా నుండదు, స్నేహముగా నుండును. స్నేహమును నిషేధించు శాసనమును జేయుమని యెవరును గోరరు. కనుక తండ్రి చేయదగిన పని యొక్కటి మిగిలినది: చందా రశీదుతోబాటు నియమావళి ప్రతిని గూడ నడుగుట, ఓటెవరిదో, శిబిరములో ప్రార్థనవేళ ఆవలకు బోవు స్వేచ్ఛ పిల్లవానికి గలదో లేదో చదివి చూచుట. దేవాలయ సంఘమును, మఠమును, మసీదు కమిటీని గూడ ఇట్లే యడుగవలెను. చూపుటకు సంకోచించు కార్యదర్శి యున్నచో ఆ కుఱ్ఱవానికి వేఱొక ఆటస్థలమును వెదకుట మంచిది.