టైఫాయిడ్ మందుల కోర్సు పూర్తయ్యాక మళ్ళీ మందులు కావాలా?

"సిస్టరుగారూ, మాత్రలన్నీ అయిపోయాయి. జ్వరం లేదు. కాని రక్తపరీక్షలో టైఫాయిడ్ ఇంకా ఉందట. మళ్ళీ ఇంజెక్షన్లు వేయించమంటారా?" ఓ.పి.లో మేము తరచు వినే ప్రశ్న ఇది.

అలా వచ్చే కాగితం సాధారణంగా వైడాల్ పరీక్షది. 1896 నుంచి వాడుకలో ఉన్న ఈ పరీక్ష టైఫాయిడ్ క్రిములను చూపదు. వాటిని ఎదుర్కోవడానికి మన శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలను చూపుతుంది. క్రిములు నశించాక కూడా ఇవి రక్తంలో నెలల తరబడి ఉంటాయి. కాబట్టి జబ్బు నయమైందో లేదో వైడాల్ చెప్పలేదు. ఆ కాగితం ఒక్కటే చూసి మరో కోర్సు వాడితే డబ్బు ఖర్చవుతుంది, విరేచనాలు పట్టుకోవచ్చు, మందులకు లొంగని క్రిములు పెరుగుతాయి.

మరి దేన్ని చూడాలి?

రోగిని చూడాలి. సరైన మందు మొదలుపెట్టినా జ్వరం దిగడానికి 4, 5 రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. జ్వరం పోయి, ఆకలి వేస్తూ ఉంటే మందు పనిచేసినట్లే. నీరసం మరికొన్ని వారాలు ఉండవచ్చు. దానికి కావలసింది ఆహారం, విశ్రాంతి. పథ్యమంటూ బ్రెడ్డు, పాలతో సరిపెట్టకండి. మెత్తటి అన్నం, పప్పు, పెరుగు, ఉడికించిన గుడ్డు పెట్టండి.

ఎప్పుడు తిరిగి రావాలి?

• కోర్సు ముగిశాక 2, 3 వారాల్లో కొందరికి జ్వరం తిరగబెడుతుంది. ఇంట్లో మిగిలిన మాత్రలు వేసుకోకండి. కొత్త యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే బ్లడ్ కల్చర్‌కు రక్తం తీయించుకోవడం మంచిది. క్రిమి పెరిగితే అది ఏ మందుకు లొంగుతుందో తెలుస్తుంది. ఆ జ్వరం మలేరియా, డెంగీ, క్షయ కూడా కావచ్చు.

• తీవ్రమైన కడుపునొప్పి, పొట్ట గట్టిపడటం, విరేచనంలో రక్తం లేదా నల్లటి విరేచనం, మగత కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకండి. పేగుకు రంధ్రం పడితే ఆపరేషన్ అవసరమవుతుంది.

• కొందరిలో జబ్బు తగ్గినా క్రిములు పిత్తాశయంలో దాగి మలంలో బయటపడుతుంటాయి. హోటల్లో, హాస్టల్లో వంట చేసేవారు పనిలో చేరేముందు మలపరీక్ష గురించి డాక్టరుగారిని అడగండి.

వచ్చేటప్పుడు పాత చీటీలు, వాడిన మాత్రల అట్టలు తప్పక తీసుకురండి. జ్వరం ఉంటే పారాసిటమాల్ వేయకముందు థర్మామీటరుతో చూసి, తేదీ, వేళతో రాసి ఉంచండి. మళ్ళీ మందు కావాలో వద్దో నిర్ణయించడానికి డాక్టరుగారికి ఆ కాగితం ఎంతో ఉపయోగపడుతుంది.