అకుంత్సు: చచ్చిపోతున్న భాషా, చంపిన భాషా?

పోయిన నెల అన్యదేశ్యాల పాఠంలో మేడమ్ పోర్చుగీసు నుంచి మనకొచ్చిన మాటలు బోర్డు మీద రాశారు. అలమార, తువ్వాలు, పాదిరి, అనాస. అనాస దగ్గర ఆగి, "ఇది పోర్చుగీసు వాళ్ళ సొంత మాట కాదమ్మా, దక్షిణ అమెరికాలో తుపి కుటుంబం భాషలు మాట్లాడేవాళ్ళ దగ్గర నేర్చుకున్నది" అన్నారు. మనం కాజు బర్ఫీ అంటామే, ఆ కాజు కూడా అంతేనట. బస్టాండులో ఉప్పూ కారం చల్లి అమ్మే అనాస ముక్క వెనకాల ఇంత దూరం ఉందా అనిపించి, ఆ భాషల గురించి చదవడం మొదలుపెట్టాను. చదువుతూ పోయి అకుంత్సు అనే భాష దగ్గర ఆగిపోయాను.

ముందు కుటుంబం సంగతి. మన ద్రావిడ భాషల్లో తమిళం, కన్నడం ఒక శాఖ. తెలుగు, గోండి, కుయి ఇంకో శాఖ కదా. తుపి కుటుంబంలో అలాంటి శాఖలు పది దాకా ఉన్నాయి. అందులో సగం శాఖలు బ్రెజిల్ పడమటి కొసన, బొలీవియా సరిహద్దులో ఉన్న రొండోనియా రాష్ట్రంలోనే కనిపిస్తాయి. అందుకే ఈ కుటుంబం పుట్టిల్లు అదేనని చాలామంది పండితులు అనుకుంటారు. ఇదే కుటుంబంలోని గ్వారానీ పరాగ్వే దేశంలో అధికార భాష, లక్షలమంది మాట్లాడతారు. రొండోనియాలోని తుపారి శాఖకు చెందిన అకుంత్సుది మాత్రం వేరే కథ.

1970లలో ప్రభుత్వం రొండోనియా అడవిని పెద్ద పెద్ద ముక్కలుగా అమ్మింది. కొన్నవాళ్ళు చెట్లు కొట్టి పశువుల మేతభూములు చేశారు. అక్కడ మూలవాసులు ఉన్నారని తేలితే ఆ భూమి కొన్నవాళ్ళకు దక్కదు. కాబట్టి ఎవరూ లేరని చూపించాలి, ఉన్నవాళ్ళను లేకుండా చెయ్యాలి. 1980లలో ఒమెరె నది దగ్గర జరిగింది అదే. మూలవాసుల వ్యవహారాలు చూసే ఫునాయ్ అనే ప్రభుత్వ సంస్థలో పనిచేసిన మార్సెలో సాంతోస్‌కు బుల్డోజర్లతో నేలమట్టం చేసిన ఇళ్ళ ఆనవాళ్ళు దొరికాయి. విన్సెంట్ కరెల్లి అనే ఆయన కెమెరాతో వెళ్ళి ఆ జాడలు తీశాడు. ఎవరికీ శిక్ష పడలేదు. కరెల్లి పట్టు వదలకుండా తీసిన ఆ సినిమా, కొరుంబియారా, 2009లో గానీ బయటికి రాలేదు.

1995లో ఫునాయ్ బృందం ఆ మిగిలిన అడవిలో ముందు కనోయే అనే చిన్న కుటుంబాన్ని, వాళ్ళ ద్వారా ఇంకో గుంపును కలిసింది. ఆ రెండో గుంపులో ఉన్నది ఏడుగురే. మగవాళ్ళ ఒంటిమీద తుపాకీ గుళ్ళ మచ్చలున్నాయి. అకుంత్సు అనే పేరు కూడా వాళ్ళు పెట్టుకున్నది కాదు, కనోయేలు వాళ్ళను పిలిచిన పేరు. కనోయే భాషకు ప్రపంచంలో ఏ భాషతోనూ చుట్టరికం తేలలేదు. పక్కపక్క ఇళ్ళే, కానీ ఒకరి మాట ఒకరికి అర్థం కాదు.

ఆ ఏడుగురిలో ఒక పిల్ల 2000లో గాలివానకు గుడిసె మీద చెట్టు పడి చనిపోయింది. అందరికన్నా పెద్దావిడ ఊరూరు 2009లో పోయింది. పెద్దదిక్కుగా ఉన్న కొనిబు 2016లో పోయాడు. మగవాళ్ళందరూ పోయాక ఆ ఏడుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు మిగిలారు. దాదాపు ఇరవయ్యారువేల హెక్టార్ల ఒమెరె ప్రాంతాన్ని ప్రభుత్వం ఈ రెండు జాతుల కోసం కేటాయించింది. చుట్టూ మేతభూములే.

వాళ్ళకు ఇంకో భాష రాదు, బయటివాళ్ళకు ఆ భాష రాదు. మనం ఏ భాష నేర్చుకోవాలన్నా, "దీన్ని ఏమంటారు" అని అడగడానికి మధ్యలో ఒక భాష ఉంటుంది. అక్కడ అదీ లేదు. కరొలీనా అరగాన్ అనే భాషాశాస్త్రవేత్త వాళ్ళతో కూర్చుని, విని, రికార్డు చేసి, 2014లో హవాయి విశ్వవిద్యాలయంలో ఆ భాష వ్యాకరణం మీద పరిశోధన గ్రంథం సమర్పించింది. అది చాలా పెద్ద పని. అయినా నాకు ఒక సందేహం పీకుతూనే ఉంది. మనకు బావ, మేనత్త, తోడికోడలు అనే మాటలున్నాయి. పిలవడానికి ఆ మనుషులే లేకపోతే? మాట పుస్తకంలో ఉంటుంది, పిలుపు మాత్రం ఉండదు.

ఆ పుస్తకం దాకా కూడా రాని భాష ఒకటుంది. అదే రొండోనియాలో తనారు అనే చోట ఒకాయన తనవాళ్ళందరినీ పోగొట్టుకుని, ఇరవై ఏళ్ళకు పైగా అడవిలో ఒంటరిగా బతికాడు. గుడిసెలో లోతుగా గొయ్యి తవ్వుకునేవాడు. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. 2022 ఆగస్టులో ఊయలలో చనిపోయి కనిపించాడు. ఆయన ఏ భాష మాట్లాడాడో ఎవరూ వినలేదు.

ఇదంతా ఇక్కడ ఎందుకు రాస్తున్నానంటే, నేను ఒక మాట దిద్దుకోవాలి. మాతృభాషా దినోత్సవం రోజు నేను వేదికెక్కి, "మాట్లాడకపోతే భాష చచ్చిపోతుంది, తప్పు మాట్లాడనివాళ్ళదే" అన్నాను. మీరు చప్పట్లు కొట్టారు. మా ఇంటి మట్టుకు ఆ మాట నిజమే. అవ్వ తెలుగులో అడిగితే మా తమ్ముడు తమిళంలో జవాబు చెప్తాడు. వాణ్ణి ఎవరూ తుపాకీతో తరమలేదు. రేపు వాడు మనసు మార్చుకుంటే నేర్పడానికి అవ్వ ఉంది, నేనున్నాను, పక్క రాష్ట్రాల్లో కోట్లమంది ఉన్నారు. అకుంత్సు ఆడవాళ్ళు మాత్రం తమ భాషను ఒక్కరోజు కూడా వదల్లేదు. వాళ్ళు మాట్లాడుతూనే ఉన్నారు. మాట్లాడించేవాళ్ళను చంపేశారు. వాళ్ళనూ మా తమ్ముణ్ణీ ఒకే వాక్యంలో కట్టెయ్యడం నా తప్పు.

మన భాషాశాస్త్రం పేపర్లో మృతభాషల మీద రెండు మార్కుల ప్రశ్న వస్తుంటుంది. మనం "వాడుక తగ్గి నశించినవి" అని రాసి వచ్చేస్తాం. ఈసారి నేను ఇంకో వాక్యం కలుపుతాను: కొన్నిటికి వాడుక తగ్గలేదు, వాడే మనుషుల నేల లాక్కున్నారు. మార్కులు తగ్గిస్తారా లేదా అన్నది మేడమ్ ఇష్టం.