ఖాళీ కుర్చీ

పత్రిక చేతికి రాగానే సీరియల్ కంటె ముందు సీరియల్ బొమ్మ చూసేవాళ్ళం మనం. ఆ పేజీలు చింపి, వరుసగా కుట్టించి, అట్ట వేయించి బీరువాలో దాచుకున్న ఇళ్ళు తెలుగునాట ఎన్నో. అయినా ఆ బొమ్మలు వేసేవారిని "పత్రికల ఆర్టిస్టు" అంటూ ఒక మెట్టు క్రింద నిలబెట్టడం మనకు అలవాటు. పత్రికలో అచ్చయిన ఒక బొమ్మ ఎంత దూరం ప్రయాణం చేసిందో చూడండి.

1869 డిసెంబరు 4న లండనులో "గ్రాఫిక్" అనే సచిత్ర వారపత్రిక మొదటి సంచిక వెలువడింది. ల్యూక్ ఫైల్డ్స్ అనే ఇరవయ్యారేళ్ళ యువకుడు అందులో ఒక బొమ్మ వేశాడు. చలిరాత్రి తలదాచుకునే చోటు కోసం గోడవారగా బారులు తీరిన బీదాబిక్కీ - అదీ బొమ్మ. ప్రసిద్ధ చిత్రకారుడు మిలే దాన్ని తీసుకువెళ్ళి చార్లెస్ డికెన్స్‌కు చూపించాడు. డికెన్స్ అప్పుడు "ఎడ్విన్ డ్రూడ్" అనే నవలను నెలకొక భాగంగా వెలువరించే ప్రయత్నంలో ఉన్నాడు. బొమ్మలు వేయవలసిన అల్లుడు జబ్బుపడ్డాడు. ఆ పని ఫైల్డ్స్‌ను వరించింది.

పన్నెండు భాగాలు రావలసిన నవల ఆరింటితో ఆగిపోయింది. 1870 జూన్ 9న డికెన్స్ కన్నుమూశాడు. గాడ్స్‌హిల్‌లోని ఆయన ఇంటికి వెళ్ళిన ఫైల్డ్స్, ఆ మహారచయిత వ్రాసుకునే గదిని ఉన్నదున్నట్టుగా చిత్రించాడు. కిటికీ, వ్రాతబల్ల, బల్ల దగ్గర నుంచి కాస్త వెనక్కు జరిపిన కుర్చీ. మనిషి లేడు. ఆ యేటి క్రిస్మస్ సంచికలో గ్రాఫిక్ దాన్ని అచ్చువేసింది. పేరు "ఖాళీ కుర్చీ".

1873లో హాలెండు నుంచి ఒక కుర్రవాడు లండను వచ్చి, బొమ్మలమ్మే కంపెనీలో గుమాస్తాగా చేరాడు. విన్సెంట్ వాన్‌గో అతని పేరు. ప్రతి వారం అచ్చాఫీసు కిటికీ ముందు నిలబడి క్రొత్త సంచికల బొమ్మలు చూసేవాడు. తరువాత ఉద్యోగం పోయింది, మతప్రచారం కలిసిరాలేదు, చివరకు కుంచె పట్టాడు. హేగ్ నగరంలో తమ్ముడు పంపే డబ్బుతో బ్రతుకుతూ కూడా గ్రాఫిక్ పాత సంపుటాలు పదేళ్ళవి కొన్నాడు. బొమ్మలు కత్తిరించి అట్టలమీద అంటించుకున్నాడు. మన ఇళ్ళలో సీరియల్ కుట్టించుకున్నట్టే! అలా ప్రోగుచేసినవి వెయ్యికి పైగా ఈనాటికీ ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియంలో ఉన్నాయి. తనూ ఇంగ్లీషు పత్రికలకు బొమ్మలు వేసి బ్రతకాలని అతని ఆశ. ఆ ఆశ నెరవేరలేదు.

హేగ్‌లో వేసిన ముసలివాళ్ళ, కూలీల బొమ్మలలో ఆ పత్రికల చిక్కటి నలుపు తెలిసిపోతుంది. అయితే గీతల పోలిక పైపైదే. 1882 డిసెంబరులో తమ్ముడు తియోకు వ్రాసిన జాబులో విన్సెంట్ ఫైల్డ్స్ బొమ్మను తలచుకున్నాడు. ఇలాంటి కుర్చీలు ఇంకా ఎన్నో ఖాళీ కాబోతున్నాయని, తాను పూజించే చిత్రకారులందరి చోట చివరకు ఖాళీ కుర్చీలే మిగులుతాయని బెంగపడ్డాడు. ఆ బెంగ అతనికి క్రొత్త కాదు. 1878లో తనను చూడవచ్చిన తండ్రిని రైలెక్కించి గదికి తిరిగివచ్చి, తండ్రి కూర్చున్న కుర్చీ చూసి పసివాడిలా ఏడ్చాడు. అంతటి మనసు కనుకనే ఆ బొమ్మ అంతగా నాటుకుంది.

ఆరేళ్ళు గడిచాయి. 1888 అక్టోబరులో ఫ్రాన్సులోని ఆర్ల్‌లో విన్సెంట్ ఇంటికి స్నేహితుడు గోగాన్ వచ్చాడు. ఇద్దరికీ పొసగలేదు. గోగాన్ ఇంకా ఆ ఇంట్లో ఉండగానే విన్సెంట్ రెండు కుర్చీలు చిత్రించాడు. ఒకటి తనది: ఎర్రపలకల నేల, పసుపుపచ్చని కొయ్యకుర్చీ, గడ్డి అల్లిన సీటు మీద పైపు, పొగాకు పొట్లం. పగటి వెలుతురు. రెండవది గోగాన్‌ది: చేతుల కుర్చీ, ఆకుపచ్చని గోడ, సీటు మీద వెలిగే కొవ్వొత్తి, రెండు నవలలు. రాత్రివేళ. డిసెంబరు చివర గోగాన్ వెళ్ళిపోయాడు. 1890లో ఒక విమర్శకుడికి వ్రాస్తూ, విడిపోవడానికి కొద్దిరోజుల ముందు మిత్రుడి ఖాళీ చోటును చిత్రించబోయానని చెప్పుకున్నాడు విన్సెంట్.

పత్రికలో అచ్చయిన ఫైల్డ్స్ బొమ్మలో రంగు లేదు. వాన్‌గోవి రంగులే. ఫైల్డ్స్ గది అంతా చూపించాడు, ఇతడు కుర్చీని మాత్రం ముందుకు లాగాడు. చేతిపని ఏదీ అరువు తెచ్చుకోలేదు. కూర్చున్నవాడు లేకుండానే వాడి రూపం కట్టవచ్చునన్న ఊహ ఒక్కటే ఫైల్డ్స్‌దని నా నమ్మకం. డికెన్స్ పోయాక వేసిన బొమ్మ నుంచి నేర్చిన పాఠాన్ని, మనిషి పోకముందే ప్రయోగించాడు విన్సెంట్. ఆ రెండు కుర్చీలను చూస్తే గుండె కలుక్కుమనేది అందుకే.

గోగాన్ కుర్చీ ఆమ్‌స్టర్‌డామ్‌లోనే ఉంది. విన్సెంట్ కుర్చీని మాత్రం 1924లో లండను నేషనల్ గ్యాలరీ సంపాదించింది, అతను కిటికీలకు వ్రేలాడి బొమ్మలు చూసిన ఊళ్ళోనే. రాజుల రూపచిత్రాలు వేసి "సర్" బిరుదు పొందిన ఫైల్డ్స్ అప్పటికి బ్రతికే ఉన్నాడు. ఆయన 1927లో పోయాడు.