పరుగు క్రీడాకారులకు కళ్ళద్దాలు: నలుపు కంటె అతినీలలోహిత రక్షణే ముఖ్యం

భద్రాచలం అటవీ సరిహద్దున గల నాటి ఖమ్మం జిల్లా చర్ల మండలానికి చెందిన గురుకుల విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్, మాలావత్ పూర్ణతో కలిసి 2014 మే 25న ఎవరెస్టును అధిరోహించారు. తాజా మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం వరకు పరావర్తనం చేయును గనుక అట్టి శిఖరాలపై 3 నుండి 8 శాతం కాంతిని మాత్రమే అనుమతించే నాలుగవ శ్రేణి అద్దాలు అవసరం.

అడవి నీడలో పరుగెత్తేవారికి అవే అద్దాలు ప్రమాదకరం. వేళ్ళు, రాళ్ళు కానరావు. వీరికి సులభంగా పగలని పాలికార్బనేట్‌తో చేసిన లేతరంగు అద్దాలు, ఎండ రహదారిపై మూడవ శ్రేణి అద్దాలు అనుకూలం. రెండింటికీ ‘యూవీ 400’ రక్షణ ఉండవలెను. అది లేని నల్లద్దం వెనుక కంటిపాప విప్పారి, హానికర కిరణాలు మరింతగా లోనికి చేరగలవు. దృష్టిలోపం గలవారు నేత్రపరీక్ష అనంతరం తగిన పవర్‌తో వీటిని చేయించుకొనవచ్చును.